వేక్ దీవి తీర ఫిరంగులు

తీరరక్షణ యనగానే మనకు బురుజులు, కోటగోడలు స్ఫురించును. పసిఫిక్ మహాసముద్రములోని వేక్ దీవిలో అట్టివేవియు లేవు. అది నీటిమట్టమునకు కొలది అడుగుల ఎత్తున తేలియున్న పగడపు దిబ్బ. వేక్, విల్క్స్, పీల్ అను మూడు ఖండములు ఒక మడుగును చుట్టి యున్నవి. 1941లో అమెరికా మెరైన్ సైనికులు అచ్చట నిలిపిన తీర ఫిరంగులు ఆరు మాత్రమే. ఐదంగుళముల గొట్టము గల ఆ ఫిరంగులు పాత యుద్ధనౌకలనుండి విప్పి తెచ్చినవి. మూడు కొసలయందు రెండేసి చొప్పున అమర్చిరి.

డిసెంబరు 8న (దినరేఖకు ఆవల పెరల్ హార్బరులో అది 7వ తేదీయే) జపాను విమానములు వచ్చిపడినవి. దీవిలో రాడారు లేదు. కెరటముల హోరు ఇంజనుల చప్పుడును మ్రింగివేసినది. పండ్రెండు యుద్ధవిమానములలో ఏడు నేలమీదనే నాశనమైనవి.

11వ తేదీ వేకువను రియర్ అడ్మిరల్ కజియోకా నౌకలు తీరమును సమీపించి గుండ్లు కురిపించినను, మేజర్ డెవరూ ఆజ్ఞ లేనిదే ఫిరంగులు పలుకరాదు. ఈ మౌనమును మనము పిరికితనముగా భావింపరాదు. ముందుగా కాల్చినచో స్థావరము బయటపడును; శత్రువు దూరమునకు జరిగి, అచ్చటినుండియే దానిని ధ్వంసము చేయగలడు. దూరమును కొలుచు యంత్రము చెడిపోయిన చోట కంటి అంచనాయే శరణ్యము. నౌకలు సుమారు 4,500 గజముల లోనికి వచ్చిన తరువాతనే కాల్పులు మొదలైనవి. విల్క్స్ ఫిరంగుల దెబ్బకు హయాటే అను డిస్ట్రాయరు మునిగిపోయినది. కిసరాగిని విమానములు ముంచినవి. కజియోకా వెనుదిరిగెను.

అతడు ఈ పరాభవమును చక్కగా అధ్యయనము చేసెననియే మా అభిప్రాయము. డిసెంబరు 23న మరల వచ్చినపుడు వెలుతురుకు వేచియుండలేదు. చీకటిలోనే రెండు నౌకలను దక్షిణపు పగడపు దిబ్బపైకి ఎక్కించి సైన్యమును దింపెను. అవి ఆగిన చోటికి ఐదంగుళముల ఫిరంగులు గురిపెట్టుటకు వీలు లేకపోయెను! విమానముల కొరకు ఉంచిన మూడంగుళముల ఫిరంగితో లెఫ్టినెంట్ హన్నా, కొందరు కార్మికులు ఒక నౌకను తగులబెట్టిరి గాని, దిగినవారిని ఆపలేకపోయిరి. నాటి పగలే దీవి లొంగిపోయినది.

పిదప జపానీయులు దానిని ఫిరంగులతో బాగుగా దృఢపరచిరి. కాని అమెరికన్లు సైన్యమును దింపనే లేదు. సరఫరాలు ఆపి, పైనుండి బాంబులు వేయుచు, ముందుకు సాగిపోయిరి. 1943 అక్టోబరులో అట్టి దాడి జరిగినపుడు, ఇక సైన్యము దిగునను భయముతో సకైబరా అను సేనాపతి అచ్చట మిగిలిన 98 మంది అమెరికన్ కార్మికులను చంపించెను. తప్పించుకొన్న ఒకడు '98' అను అంకెను పగడపు రాతిపై చెక్కి, తరువాత పట్టుబడి చంపబడెను. దీవి 1945 సెప్టెంబరు 4న తిరిగి అమెరికా వశమైనది. సకైబరాకు 1947లో గువాములో ఉరిశిక్ష అమలైనది. ఆ రాయి నేటికిని అచ్చటనే యున్నది.