వంటింటికి కొత్త వెలుగు

పాఠ్యభాగ ఉద్దేశం: ఇంటిలో అందరికీ అన్నం పెట్టే గదిని తక్కువ ఖర్చుతో శుభ్రంగా, అందంగా తీర్చుకొనే మార్గాలను తెలుపుతూ, ఆ గదిలో శ్రమించే వారి పట్ల గౌరవాన్ని, ఇంటిపనిలో భాగస్వామ్యాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

వంటను పొగడడానికి మన భాషలో మాటలకు కొదువ లేదు. రుచిగా వండితే ‘నలభీమపాకం’ అంటాము. ఋతుపర్ణుని కొలువులో బాహుకుడై వండిన నలుడు, విరటుని కొలువులో వలలుడై వండిన భీముడు ఆ ఒక్క మాటలో కలిసి నిలిచారు. వంటశాలకు సంస్కృతంలో ‘మహానసం’ అనే గంభీరమైన పేరు కూడా ఉంది. కాని ఆ గదిలో గంటల తరబడి నిలిచే మనిషికి గాలి ఆడుతున్నదా, వెలుతురు సోకుతున్నదా అని విచారించే వారు తక్కువ.

నా చిన్నతనంలో సంక్రాంతికి ముందు మా ఇంటికి వెల్ల వేసేవారు. వీధి అరుగు మొదలుకొని పడమటింటి వరకు గోడలన్నీ తెల్లబడేవి. వంటింటి వద్దకు వచ్చేసరికి తొట్టెలో సున్నం అడుగంటేది. “ఎలాగూ పొగచూరే గదే గదా!” అని పెద్దలు దానిని వదిలివేసేవారు. మా అమ్మ ఏమీ అనేది కాదు. పొయ్యిగట్టును ఎర్రమట్టితో అలికి, దానిపై బియ్యపుపిండితో నాలుగు గీతల ముగ్గు వేసుకొనేది. ఆ గదికి దక్కిన అలంకారం అదొక్కటే. నేను ఇంటర్మీడియట్ చదివే సంవత్సరం సెలవులకు వచ్చి, మా అన్నయ్యతో కలిసి ఆ వరుసను మార్చాను. గోడల మసి గీకి, కడిగి, మొదటి సున్నం వంటింటికే వేశాము. ఫలితం ఏమైనదో పాఠం చివర చెబుతాను.

నేడు వంటిళ్ళ స్థితి చాలవరకు మారింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ‘దీపం’ పథకం, 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘ఉజ్జ్వల’ పథకం పేద కుటుంబాల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లను అందించాయి. పొగ తగ్గింది, ఉపేక్ష మాత్రం పూర్తిగా తగ్గలేదు. చేతిలో నాలుగు రూపాయలు ఆడితే ముందుగది సోఫా గుర్తుకు వస్తుంది. వంటిల్లు బాగుచేయడమంటే అలమరలు, గ్రానైటు పలకలు, లక్షల ఖర్చు అని భయపడి ఊరుకొంటాము. నిజానికి వంటింటి రూపును మార్చే పనులలో ముఖ్యమైనవి నాలుగే. వాటికి ధనం కంటె శ్రమ, ఆలోచన ఎక్కువ అవసరం.

మొదటిది తీసివేయడం. దీనికి పైసా ఖర్చు లేదు. మూతలేని డబ్బాలు, సొట్టలు పడిన గిన్నెలు, ఎన్నడో దాచిన ప్లాస్టిక్ సీసాలు గట్టును, అటకను ఆక్రమించి ఉంటాయి. ఏడాదిగా చేతికి రాని వస్తువులను ఒకచోట పోసి, పనికివచ్చేవి అవసరమున్న వారికి ఇచ్చి, మిగిలినవి పాతసామానులవానికి వేయాలి. గట్టు సగం ఖాళీ అయితే గది పెద్దదైనట్లు కనిపిస్తుంది.

రెండవది శుభ్రపరచడం. పొయ్యి వెనుక గోడకు, కిటికీ జాలీకి పట్టేది నూనె ఆవిరి, దుమ్ము కలిసిన జిడ్డు. అది చన్నీటికి లొంగదు. వేడినీటిలో చాకలిసోడా కలిపి రుద్దితే ఆ క్షారం జిడ్డును సబ్బుగా మార్చి వదిలిస్తుంది. అయితే ఆ నీటిని అల్యూమినియం పాత్రలకు తగలనీయరాదు, అవి నల్లబడతాయి. ఇత్తడి పాత్రల చిలుమును చింతపండులోని ఆమ్లం కరిగిస్తుంది. అదే చింతపండును, నిమ్మరసాన్ని కడప బండపై వాడరాదు. కడప బండ సున్నపురాయి జాతికి చెందినది కనుక ఆమ్లం తగిలినచోట తెల్లని మచ్చలు పడతాయి. దానిని మామూలు సబ్బునీటితో కడిగి, ఆరిన తరువాత గుడ్డతో రెండు చుక్కల కొబ్బరినూనె పట్టిస్తే పాత నలుపు నిగనిగ తిరిగివస్తుంది. బ్లీచింగ్ పొడిని ఆమ్లంతో ఎన్నడూ కలపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

మూడవది వెలుగు. తెల్లని గోడ తనపై పడిన వెలుతురులో అధికభాగాన్ని గదిలోకి తిప్పి పంపుతుంది. తక్కువ ఖర్చులో అందుకు సాధనం మన పాత సున్నమే. కాల్చిన సున్నాన్ని నీటిలో వేస్తే వేడి పుట్టి ఉడుకుతుంది. కనుక ఆ పని పెద్దల పర్యవేక్షణలో, కళ్ళకు రక్షణ పెట్టుకొని చేయాలి. చల్లారిన సున్నాన్ని వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, తడిపిన గోడపై పలుచగా రెండు పూతలు వేయాలి. ఆరే కొద్దీ అది గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి మళ్ళీ రాతివలె గట్టిపడుతుంది. క్షారగుణం వలన బూజును కూడా అడ్డగిస్తుంది. నూనెరంగు వేసిన గోడపై సున్నం నిలువదు. అటువంటి గోడను సోడానీటితో కడిగితే చాలు. ఇక దీపం మాట. 60 వాట్ల పాతరకం బల్బు ఇచ్చే వెలుతురును సుమారు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపం ఇస్తుంది. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు మొదటిది 7.2 యూనిట్లు, రెండవది సుమారు 1.1 యూనిట్లు వాడుతుంది. ఆ దీపాన్ని వండే వారి వీపు వెనుక గాక ముందుభాగాన అమర్చాలి. లేకుంటే తమ నీడలోనే కూరలు తరుగుకోవలసి వస్తుంది.

నాలుగవది అమరిక. చిన్న గదిని ఆలోచనతో ఎలా తీర్చవచ్చునో తెలిపే ఉదాహరణ జర్మనీలో ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఇళ్ళకు తీవ్రమైన కొరత ఏర్పడింది. అక్కడ కట్టిన చవక ఇళ్ళ కోసం 1926లో మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా దేశపు మహిళా వాస్తుశిల్పి ఒక వంటగదిని రూపొందించారు. దాని వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు మాత్రమే. రైలుబండిలోని వంటగదిని ఆమె పరిశీలించారు. వండే మనిషి ఎన్ని అడుగులు వేస్తున్నదో లెక్కించి, ఆ శ్రమను తగ్గించేటట్లు వస్తువులకు స్థానం నిర్ణయించారు. కిటికీ వద్ద కూర్చొని కూరలు తరుగుకొనడానికి ఒక పీటను కూడా ఏర్పాటు చేశారు. అటువంటి వంటగదులు ఆ నగరంలో సుమారు పదివేలు వెలిశాయి.

ఆ సూత్రాన్ని మన వంటింటికీ అన్వయించవచ్చు. రోజూ వాడే ఉప్పు, పప్పు, పోపుల పెట్టె చేయి చాచితే అందేచోట ఉండాలి. నెలకొకసారి వాడే గంగాళం అటకపైకి పోవచ్చు. గోడకు ఒక చెక్క బద్ద కొట్టి నాలుగు కొక్కేలు బిగిస్తే గరిటెలు, అట్లకాడ దానికి వేలాడుతాయి. ఒకే రకమైన ఖాళీ సీసాలను కడిగి, పేర్లు రాసి వరుసగా పేర్చితే అదే అలంకారం. కిటికీలో ఒక కుండీ పెట్టి కొత్తిమీర చల్లుకొంటే అందం, అవసరం రెండూ తీరుతాయి. కొత్త అలమరలు, కొత్త పలకలు డబ్బు కూడినప్పుడు చూచుకోవచ్చు. ఈ నాలుగు పనులు అయిన తరువాత వాటి అవసరం ఎంతో మనకే తెలుస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. వెల్ల ఆరిన మరునాటి సాయంత్రం అమ్మ చేటతో బియ్యం తీసుకొని ఎప్పటివలె పెరటి గుమ్మంలోకి రాలేదు. వంటింటిలోనే కూర్చున్నది. కొంతసేపటికి నన్ను పిలిచి, “నాయనా! దీపం లేకుండానే రాళ్ళు కనబడుతున్నాయిరా” అన్నది. అన్ని సంవత్సరాలు ఆమె ఆ గదిలో ఏమీ కనబడకుండా వండిందని నాకు అప్పుడు తెలిసింది. ఆ సున్నం ఖరీదు నాకు గుర్తు లేదు. ఆ మాట గుర్తున్నది.

‘ఇల్లు చూచి ఇల్లాలిని చూడు’ అన్నది సామెత. దానిని కొంచెం మార్చుకొనవలసిన కాలం వచ్చింది. వంటిల్లు చూస్తే, అక్కడ భోజనం చేసే వారందరూ ఎటువంటి వారో తెలుస్తుంది.

అర్థాలు
కొదువ = లోటు; మహానసం = వంటశాల; ఉపేక్ష = అశ్రద్ధ; చిలుము = లోహపు పాత్రలకు పట్టే మలినం; అన్వయించు = వర్తింపజేయు.

ప్రశ్నలు
1. వంటింటి రూపును మార్చే నాలుగు పనులను వివరించండి.
2. ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది ప్రత్యేకతలను తెలపండి.
3. కడప బండపై చింతపండును ఎందుకు వాడరాదు?
4. “దీపం లేకుండానే రాళ్ళు కనబడుతున్నాయిరా” – సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
5. మీ ఇంటి వంటగదిలో ఒక రోజు పనిని పరిశీలించి, శ్రమను తగ్గించే మూడు మార్పులను సూచించండి. వాటిలో ఒకదానిని మీరే స్వయంగా చేయండి.