వలస ఇంటి పిల్లల మనసు



పంట పనులు ముగిసే నాటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో కొన్ని ఇండ్లకు తాళాలు పడతాయి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న తల్లిదండ్రులు హైదరాబాదుకో, ముంబైకో, పూణేకో బయలుదేరుతారు. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు దేశమంతటికీ తెలుసు. ఎత్తిపోతల నీరు అందిన ఊళ్లలో వలస తగ్గింది గాని, పూర్తిగా ఆగిపోలేదు. అవ్వాతాతల దగ్గర మిగిలిపోయిన పిల్లలకు అన్నం దొరుకుతుంది, బడి ఉంటుంది. కాని వారి దుఃఖాన్ని అడిగేవారెవరు? ఈ వారం దానిని గురించి తెలుసుకుందాం.

పెద్దలు బాధను మాటలతో చెబుతారు, పిల్లలు ఒంటితో చెబుతారు. బడి వేళకు కడుపునొప్పి, తలనొప్పి వస్తాయి. ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. ఊరికే కోపం వస్తుంది, ఆటలు మాని ఒంటరిగా కూర్చుంటారు. మనం వీటిని ‘దొంగ వేషాలు’ అంటాం, లేదా గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తాం. అది సరికాదు. ముందు డాక్టరుకు చూపించాలి. ఒంట్లో జబ్బు లేదని తేలితే మనసును గురించి ఆలోచించాలి. మానసిక వ్యాధులలో మూడవ వంతు 14 ఏండ్ల లోపే మొదలవుతాయని, వాటిలో ఎక్కువ భాగం గుర్తింపు లేక, చికిత్స లేక మిగిలిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మానసిక వైద్యులు తక్కువగా ఉన్న పేద దేశాలలో ఈ లోటు మరీ ఎక్కువ.

అయితే వైద్యుడు లేనంత మాత్రాన మనం చేతులు కట్టుకొని కూర్చోవలసిన పని లేదు. హవాయి దీవులలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 40 ఏండ్ల వయసు వరకు గమనించారు. పేదరికం, ఇంటి కలతల మధ్య పెరిగిన పిల్లలలో మూడవ వంతు మంది చక్కగా ఎదిగారు. వారికి ఉన్న బలాలలో ముఖ్యమైనది ఒకటి: తనను విడువక ప్రేమించే పెద్దమనిషి ఒక్కరైనా ఉండడం. ఆ ఒక్కరు అవ్వ కావచ్చు, పంతులమ్మ కావచ్చు, పొరుగింటి మీరూ కావచ్చు.

ఏం చేయాలి? ఆపదలో ఉన్నవారికి సాధారణ మనుషులు చేయగల మానసిక ప్రథమ చికిత్సను గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక పుస్తకం వెలువరించింది. దానిలోని మూడు మెట్లు మనకూ పనికివస్తాయి.

చూడడం: పిల్లల తిండి, నిద్ర, ఆట, బడిలో వచ్చిన మార్పును గమనించండి.

వినడం: “ఏడవకురా” అని నోరు మూయించకండి. పక్కన కూర్చొని చెప్పనివ్వండి. “అమ్మ రేపే వస్తుంది” అని అబద్ధం చెప్పకండి. వలస వెళ్లిన తల్లిదండ్రులారా, వారంలో ఒక రోజు, ఒక వేళ నియమించుకొని తప్పక ఫోను చేయండి.

కలపడం: ఈ మార్పులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే వైద్య సహాయం అందించండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రింబగళ్లు ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలను కొడుతున్నా, బడి మాన్పించి పత్తి విత్తన చేలలో క్రాసింగ్ పనికి పెట్టినా 1098కు చెప్పండి. “చచ్చిపోతాను” అన్న పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి. పురుగుల మందు అందకుండా చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపొండి.

మన దగ్గర ‘ఎర్రగడ్డ’ అన్న మాట ఎగతాళి మాట అయిపోయింది. ఆ ఎగతాళికి భయపడే ఎన్నో కుటుంబాలు పిల్లల జబ్బును దాచుకుంటాయి. జ్వరానికి మందు అడగడానికి సిగ్గుపడని మనం దీనికి ఎందుకు సిగ్గుపడాలి?

కుటుంబంలో ఆలోచించుకొనుటకు:

1. మన విచారణలో తల్లిదండ్రులు వలస వెళ్లిన పిల్లలు ఎవరెవరు? వారి పేర్లు మనకు తెలుసా?

2. ఆదివారం పూజ తరువాత వారిలో ఒక్కరినైనా మన ఇంటి భోజనానికి పిలువగలమా?