ఎలక్ట్రానులు తొలగిన పరమాణువు – దాని ఆయుర్దాయం

రేడియోధార్మిక పదార్థాన్ని వేడిచేసినా, చల్లార్చినా, ఎంతటి పీడనానికి గురిచేసినా దాని అర్ధజీవిత కాలం మారదని పాఠ్యగ్రంథాలు బోధిస్తాయి. 1896లో బెకెరల్ రేడియోధార్మికతను కనుగొన్న పిమ్మట శాస్త్రజ్ఞులు అనేక ప్రయోగాలు చేసి ఈ నిర్ణయానికి వచ్చారు. శిలల వయస్సును, ఉల్కల వయస్సును లెక్కకట్టటానికి ఇదే ఆధారం. అయితే ఈ సూత్రం వెనుక, పైకి చెప్పని నియమం ఒకటి ఉన్నది. ఆ ప్రయోగాలలోని పరమాణువులకు వాటి ఎలక్ట్రానులు దాదాపు అన్నీ ఉన్నవి. వాటిని తొలగిస్తే ఏమవుతుంది?

కేంద్రకంలో జరిగే మార్పుకు వెలుపలి ఎలక్ట్రానులతో సంబంధమేమిటని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. బెరీలియం-7ను ఉదాహరణగా తీసుకొందాము. దాని కేంద్రకం తన చుట్టూ ఉన్న నాలుగు ఎలక్ట్రానులలో ఒకదానిని గ్రహించి లిథియం-7గా మారుతుంది. అర్ధజీవిత కాలం సుమారు 53 రోజులు. నాలుగింటినీ తొలగిస్తే గ్రహించటానికి ఏమీ మిగలదు. ఆ కేంద్రకం ఇక మార్పు చెందదు.

ఇందుకు విపర్యయం కూడా గలదు. బీటా విఘటనంలో న్యూట్రాన్ ప్రోటానుగా మారి, ఒక ఎలక్ట్రాన్ పుడుతుంది. సాధారణ పరమాణువులో లోపలి కక్ష్యలు నిండి ఉంటాయి గనుక అది వెలుపలికి పోవలసి వస్తుంది. పోవటానికి తగిన శక్తి లేనిచో విఘటనమే జరగదు. లోపలి కక్ష్యలు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ఆ ఎలక్ట్రాన్ అక్కడనే కుదురుకొనగలదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఈ అవకాశాన్ని 1947లోనే సూచించారు. దానిని ప్రయోగంలో చూడటానికి మరి నలభై అయిదేండ్లు పట్టింది.

ఆలస్యానికి కారణం లేకపోలేదు. ఫారడే 1834లో ప్రచారంలోకి తెచ్చిన "అయాన్" అను గ్రీకు పదానికి "పోవునది" అని అర్థం. ఆ పోయేదానిని నిలిపి ఉంచటమే కష్టం. ఎలక్ట్రానులను కోల్పోయిన అయాన్ దేనిని తాకినా వాటిని మరల సంగ్రహిస్తుంది. కనుక దాదాపు సంపూర్ణమైన శూన్యంలో, విద్యుత్, అయస్కాంత క్షేత్రాల బోనులోనే దానిని బంధించాలి. ఇట్టి బోనులను రూపొందించిన డేమెల్ట్, పౌల్‌లకు 1989లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో జి.ఎస్.ఐ. సంస్థ నిర్మించిన నిల్వ వలయం కూడా ఒక పెద్ద బోను వంటిదే. దాని చుట్టుకొలత 108 మీటర్లు. అయానులు కాంతివేగంలో సగానికి మించిన వేగంతో అందులో పరిభ్రమిస్తాయి.

1992లో అక్కడ డిస్‌ప్రోసియం-163కు ఉన్న 66 ఎలక్ట్రానులనూ తొలగించారు. సహజస్థితిలో అది సుస్థిరమైన పదార్థం. ఇప్పుడది సుమారు 47 రోజుల అర్ధజీవిత కాలంతో హోల్మియంగా మారింది. పుట్టిన ఎలక్ట్రాన్ లోపలనే ఉండుటచే మొత్తం ఆవేశం మారలేదు. కొత్త అయాన్ పాతవాటిలో కలిసి కనుమరుగైనది. అందువలన శాస్త్రజ్ఞులు అయానుల మార్గానికి అడ్డంగా సన్నని వాయుధారను పంపారు. అది ఆ ఒక్క ఎలక్ట్రానును ఊడదీయగా, కొత్త అయాన్ వేరొక మార్గం పట్టి లెక్కకు దొరికింది.

1996లో రీనియం-187 మరింత ఆశ్చర్యం కలిగించింది. సాధారణ స్థితిలో దాని అర్ధజీవిత కాలం సుమారు 4,200 కోట్ల సంవత్సరాలు. ఎలక్ట్రానులన్నీ తొలగిన పిదప అది సుమారు 33 సంవత్సరాలు మాత్రమే! 2024లో ప్రకటించిన ఫలితం ప్రకారం, సుస్థిరమైన థాలియం-205 కూడా ఆ దశలో 291 రోజుల అర్ధజీవిత కాలంతో సీసం-205గా మారుతుంది.

ఇదంతా ప్రయోగశాలకు పరిమితమైన వింత కాదు. నక్షత్రగర్భంలోని తీవ్రమైన వేడికి పరమాణువులు అనేక ఎలక్ట్రానులను కోల్పోయి ఉంటాయి. మూలకాలు అధికభాగం అక్కడనే రూపొందాయి. కనుక భూమిపై కొలిచిన అర్ధజీవిత కాలాన్ని నక్షత్రానికి యథాతథంగా అన్వయిస్తే సృష్టికాల గణనమే తప్పుతుంది. థాలియం ఫలితాన్ని చేర్చి లెక్కించినప్పుడు, సూర్యునికి జన్మనిచ్చిన పదార్థం ఇతర నక్షత్రాల నుండి విడివడి సూర్యుడుగా రూపొందటానికి 1 నుండి 2 కోట్ల సంవత్సరాలు పట్టినట్లు తేలింది.

పాఠ్యగ్రంథంలోని సూత్రం అసత్యం కాలేదు. దాని హద్దు తెలిసివచ్చినది. పరీక్షకు చదివే విద్యార్థి ప్రతి సూత్రంతోపాటు అది ఏ పరిస్థితులలో వర్తిస్తుందో కూడా వ్రాసుకొనుట మేలు.