కాలిన మోటరు ముందు కూర్చున్నాక

నలభై దాటాక నేను జమాఖర్చులు రాసే కొలువు వదిలి మోటర్లు చుట్టే పనిలోకి వచ్చాను. వదిలానంటే గొప్పగా వినిపిస్తుంది గానీ, నిజానికి నేను లెక్కలు రాసే మిల్లే మూతపడింది. మా జనగామ వైపు అప్పటికే బావులు ఎండి, ఎక్కడ చూసినా బోర్లు పడుతున్నాయి. బోరున్న చోటల్లా ఎప్పుడో ఒకప్పుడు మోటరు కాలుతుంది. వైండింగ్ షాపులో చేరడానికి అంతకు మించిన ఆలోచనేమీ చేయలేదు.

ఇప్పుడు దుకాణం చిన్నవాళ్ళకు అప్పజెప్పాను. ఈమధ్య హైదరాబాద్ నుంచి కంప్యూటర్ ఉద్యోగాలు పోయినవాళ్ళూ, పోతాయేమోనని దిగులుపడుతున్నవాళ్ళూ వచ్చి "చేతిపని ఏదైనా నేర్చుకుందామనుకుంటున్నాం అంకుల్" అంటున్నారు. వాళ్ళకు చెప్పే మాటలే ఇవి. వరుసకు అర్థం లేదు, గుర్తొచ్చినట్టు రాశాను.

1. మీ ఉస్తాద్ మీకంటే చిన్నవాడై ఉంటాడు

మా ఉస్తాద్ నాకంటే బాగా చిన్నవాడు. బడి మానేసి, బల్ల కింద కూర్చుని రాగి తీగ ముక్కలు ఏరుకుంటూ పని పట్టుకున్నవాడు. నన్ను "సారూ" అనేవాడు. "సారూ, మీరు కుర్చీల కూసోన్రి, తీగ మేం చుడతం" అనేవాడు. మర్యాదే, కాదనను. కానీ ఆ మర్యాద ఉన్నన్నాళ్ళూ నాకు దక్కిన పనల్లా బోల్టులు విప్పడం, కిరోసిన్‌తో బేరింగులు కడగడం. సారును తిట్టలేరు కదా, తిట్టకుండా మా పనిలో ఎవరికీ ఏదీ రాలేదు.

పోను పోను "కాకా" అనడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి "కాకా, గిది లూజున్నది, ఇప్పి మల్ల చుట్టు" అని మొహాన అనగలిగాడు. వరుస కలిస్తే గౌరవమూ పోదు, చనువూ వస్తుంది. అందుకని ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే: చేరిన రోజే అన్నా, తమ్మీ అని ఏదో ఒక వరుస కలుపుకోండి. మీ పాత జీతం ఎంతో దుకాణంలో ఎవరికీ తెలియనివ్వకండి. తెలిస్తే మీతో ఫోటో దిగుతారు గానీ పని చెప్పరు.

2. విప్పకముందే చూడండి

కాలిన మోటరు రాగానే కొత్తవాళ్ళ చేయి ఉలి మీదికి పోతుంది. ఒక పక్క కాయిళ్ళు కోసేసి, రెండో పక్క నుంచి లాగేద్దామన్న ఆత్రం. ఆగాలి. కవరు తీసి, స్టేటర్‌ను వెలుతురులో పెట్టి, నలుపు ఎక్కడెక్కడ ఉందో చూడాలి. ఎందుకు కాలిందో మోటరు అక్కడే రాసి పెట్టుకుంటుంది.

మూడు ఫేజుల మోటరుకు ఒక ఫేజు పోయిందనుకోండి. అది ఆగి ఉంటే గుర్రుమంటుంది గానీ తిరగదు. తిరుగుతూ ఉంటే ఆగకుండా మిగతా రెండు ఫేజుల మీద బరువంతా వేసి లాగుతుంది. స్టార్ కనెక్షన్ మోటరైతే రెండు ఫేజుల కాయిళ్ళు బొగ్గవుతాయి, మూడోది కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. డెల్టా అయితే తిరకాసు: ఒక్కటే మాడుతుంది, రెండు బతికి ఉంటాయి. అన్ని కాయిళ్ళూ ఒకే రంగులో గోధుమగా మాడితే బరువు ఎక్కువైందన్నమాట. అంటే వోల్టేజీ తక్కువైనా కావచ్చు, బేరింగు పట్టేసినా కావచ్చు, పంపులో ఇసుక చేరినా కావచ్చు. అంతా బాగుండి ఒక్క గాడిలో చిన్న రంధ్రం పడినట్టు కాలితే, అది రైతు చేసింది కాదు, కరెంటు చేసిందీ కాదు. కిందటిసారి చుట్టినవాడు గాడిలో పరిచే కాగితం చింపాడు, లేదా తీగ మీద పూత గీసుకుపోయింది. అది ఏ షాపులో చుట్టించారని అడగకండి, మన షాపే అయ్యుండొచ్చు.

ఇదంతా ఎందుకంటే, కారణం చెప్పకుండా మోటరు చుట్టి పంపితే అదే మోటరు మళ్ళీ వస్తుంది. బోరు మోటరు పైకి తీయాలంటే కప్పీ, గొలుసు, మనుషులు కావాలి. మనం తీసుకునే మజూరీ కంటే ఆ ఖర్చే రైతును ఎక్కువ కొరుకుతుంది. అందుకే సబ్‌మెర్సిబుల్ మోటరును నీళ్ళ డ్రమ్ములో పెట్టి నడిపి చూడకుండా గడప దాటనివ్వకూడదు. రైతు తొందరపెడతాడు. "పొలం ఎండుతున్నది, ఇయ్యాల్నే గావాలె" అంటాడు. అన్నా సరే.

మా ప్రాంతంలో ఇంకో కారణం చాలాకాలం నడిచింది. కరెంటు వంతులవారీగా, ఏ అర్ధరాత్రో వచ్చేది. లేచి వెళ్ళి వేయలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టారు. కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి, వోల్టేజీ పడిపోయేది, తెల్లారేసరికి మా గుమ్మం ముందు మోటర్లు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటోలు తీసేయమని ప్రభుత్వమే అడిగింది. రైతుకు మేలైనది వైండింగ్ షాపుకు బేరం తగ్గించేదే అయ్యుంటుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఆ ఇబ్బందికి కూడా సిద్ధపడాలి.

3. పాత కొలువులోంచి ఒక్కటి తెచ్చుకోండి, మిగతావి అక్కడే వదిలేయండి

తెచ్చుకోవలసింది రాసే అలవాటు. కాయిల్ కోయకముందు ఎన్ని గాళ్ళు, ఏ గాడి నుంచి ఏ గాడికి, ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లు, తీగ ఎంత గేజు, ఒంటి తీగా జంట తీగా, స్టారా డెల్టానా, ఇవన్నీ పట్టుకోవాలి. దీన్నే మావాళ్ళు డేటా అంటారు. పెద్ద ఉస్తాద్‌లు చాలామందికి ఇది తలలోనే ఉంటుంది. వాళ్ళు పెళ్ళికి పోతే ఆ రోజు దుకాణం మూసినట్టే. నేను చేరినప్పటి నుంచి కంపెనీ పేరు, హార్స్ పవర్ వారీగా పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. నా గుమాస్తా చదువు ఆ బల్ల మీద పనికొచ్చింది అక్కడొక్కచోటే.

వదిలేయవలసింది వాదన. మీటింగుల్లో అలవాటైన "అలా కాకుండా ఇలా చేస్తే" అనే మాట మొదటి ఏడాది నోట్లోంచి రాకూడదు.

4. ఒంటిని లెక్కలోకి తీసుకోండి

పదిహేనేళ్ళ పోరడు నేల మీద బాసింపట్టు వేసుకుని పొద్దంతా చుడతాడు. నలభై దాటినవాడి నడుం ఒప్పుకోదు. నడుము ఎత్తు బల్ల చేయించుకోండి, దుకాణం యజమాని నవ్వినా సరే. దగ్గరి చూపు అద్దాలు రెండు జతలు ఉండాలి, ఒకటి వార్నిష్ పడి పాడవుతుంది. గాడి అంచులు బ్లేడులా ఉంటాయి, వేళ్ళు కోసుకుంటాయి. మొదట్లో అన్నం కలుపుకుంటే మంట పుడుతుంది, తర్వాత చర్మం మొద్దుబారుతుంది.

వార్నిష్ పొగ మాత్రం మొద్దుబారే సంగతి కాదు. తలుపులు తీసి పెట్టి ఆరబెట్టండి. పాత కాయిళ్ళు తేలిగ్గా ఊడిరావాలని స్టేటర్‌ను మంటలో వేసి కాల్చేవాళ్ళున్నారు. ఊపిరితిత్తులకు ఎంత చేటో మోటరుకూ అంతే. స్టేటర్ లోపల ఉన్నది ఒకే ఇనుప ముద్ద కాదు, పూత పూసిన పలుచని రేకుల దొంతర. ఎక్కువ మంట తగిలితే ఆ పూత పోతుంది, రేకులు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. తర్వాత ఎంత బాగా చుట్టినా ఆ మోటరు ఖాళీగా తిరిగినా వేడెక్కుతుంది.

5. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కకండి

పల్లెల్లో ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా ఎవరూ ఆగరు. "నువ్ కరెంటోనివే గదా, ఎక్కు" అంటారు. మనం మోటరు చుట్టేవాళ్ళం, కరెంటు వాళ్ళం కాదు. స్విచ్ లాగానన్న ధైర్యంతో చేయిపెట్టి పోయినవాళ్ళ ఇళ్ళకు నేను పరామర్శకు వెళ్ళాను. స్టార్టర్ డబ్బాలో చేయిపెట్టే ముందు మూడు ఫేజులూ టెస్ట్ ల్యాంపుతో చూడాలి, ఒకటి చూసి మిగతావి లేవనుకోకూడదు. కెపాసిటర్‌లో కరెంటు ఆపిన తర్వాత కూడా ఛార్జి నిలిచి ఉంటుంది. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. ఊరి పెద్ద అడిగినా, బావమరిది అడిగినా ఎక్కనని చెప్పండి.

6. ఒక వానాకాలం గడిచే డబ్బు చేతిలో ఉంచుకోండి

ఈ పనికి ఎండాకాలమే సీజన్. యాసంగి వరి పొట్టకొచ్చే వేళ, నీళ్ళు లోతుకు పోయి మోటర్లు తంటాలు పడే వేళ, షాపుల్లో నిద్ర ఉండదు. వానలు పడి చెరువులు నిండాయంటే బల్ల ఖాళీ. నెలనెలా జీతం పడే బతుకు నుంచి వచ్చినవాళ్ళను కుంగదీసేది పని కష్టం కాదు, ఈ ఖాళీ నెలలే.

రైతు డబ్బు పంటమ్మినాక ఇస్తాడు. రాగి తీగ అమ్మే సేటు మాత్రం అప్పు పెట్టడు. తీగ కిలో లెక్క, రాగి ధర మారితే రాత్రికి రాత్రే మారుతుంది. కాబట్టి తీగ ఖరీదు ముందు తీసుకోండి, మజూరీ తర్వాత ఇచ్చినా ఫరవాలేదు. పాత రాగి ఎవరిదో మోటరు దించినప్పుడే తేల్చుకోండి. తగాదాలన్నీ దాని దగ్గరే వస్తాయి.

ఈ పనిలో ఒక దొంగతనం ఉంది, చెప్పకుండా ఉండలేను. రాగి అని చెప్పి అల్యూమినియం తీగ చుడతారు. పైన పూత ఉంటే రైతు కంటికి తేడా తెలియదు. అల్యూమినియం రాగితో పోలిస్తే దాదాపు 60 శాతమే కరెంటును మోస్తుంది. అదే గాడిలో అంతే తీగ పెడితే వేడెక్కి ఏడాది తిరక్కుండా కాలుతుంది. అలా చేసే దుకాణంలో ఎంత జీతం ఇచ్చినా నేర్చుకోవద్దు. చేతికి అలవాటైన దొంగతనం తర్వాత మాన్పించడం కష్టం.

7. ఇంట్లోవాళ్ళు ఏమంటారు

అంటారు. "డిగ్రీ చదివి తీగలు చుడుతున్నడట" అని మా చుట్టాల్లోనూ అన్నారు. ఒకటి రెండు పెళ్ళిళ్ళలో నన్ను పలకరించకుండా తప్పుకున్నవాళ్ళున్నారు. తర్వాత వాళ్ళ బోరు మోటరు కాలినప్పుడు పలకరించారు.

అయితే నా పరిస్థితిని సాహసంగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. కమ్మరం, వడ్రంగం, కుమ్మరం, చెప్పులు కుట్టడం, ఇవన్నీ మన దగ్గర కులాలతో ముడిపడిన పనులు. మోటరు వైండింగ్ ఊళ్ళకు కరెంటుతో పాటు వచ్చింది, దానికి కులం అంటలేదు. మా బల్ల దగ్గర పద్మశాలీల పిల్లలు, గొల్లవాళ్ళు, ముస్లిములు, మాదిగ పిల్లలు పక్కపక్కనే కూర్చుని చుట్టారు. నాకు ఊళ్ళో ఎదురైన మాట "చదువు దండగైంది" అన్న జాలి. ఆఫీసు మాని తోలుపనిలోకి వెళ్ళేవాడికి ఎదురయ్యేది జాలి కాదు. చేతిపనికి గౌరవం ఉండాలని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ తేడా చెప్పరు.

8. సీలింగ్ ఫ్యాన్ల మీద ఆశ పెట్టుకోకండి

ఒకప్పుడు వానాకాలంలో మమ్మల్ని ఆదుకున్నది ఫ్యాన్ల వైండింగే. మామూలు ఫ్యాను 75 వాట్ల దాకా తాగితే, ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటాయి. వాటిలో కాలేది తీగ కాదు, లోపలి బోర్డు. సోలార్ పంపుల కంట్రోలర్లూ అంతే. మీరు కంప్యూటర్ల దగ్గర నుంచి వచ్చినవాళ్ళైతే ఆ బోర్డులు బాగుచేయడం నేర్చుకోండి. మా తరానికి అది చేతకాలేదు, చిన్న ఉస్తాద్‌లకూ ఇంకా పూర్తిగా రాలేదు.

9. ఎక్కడ నేర్చుకోవాలి

పదో తరగతి పాసై ఉంటే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు ఉంది, రెండేళ్ళు. పిల్లలకు అది మంచిది. సంసారం ఉన్నవాడు రెండేళ్ళు కూర్చోలేడు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో మోటర్ రివైండింగ్ కోర్సు ఉచితంగా చెబుతారు, నెల రోజులే, తిండీ వసతీ వాళ్ళవే. నెలలో ఉస్తాద్ కారు గానీ, బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవడానికి ఎవరైనా ఒప్పుకునేంత పని వస్తుంది. ఇళ్ళ వైరింగు కూడా చేయాలనుకుంటే వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకోండి. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం కింద లోను దొరుకుతుందా అని చాలామంది అడుగుతున్నారు. అందులో ఉన్నవి 18 చేతివృత్తులు. వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ, దర్జీ ఉన్నారు గానీ ఎలక్ట్రీషియన్ లేడు, మోటరు చుట్టేవాడూ లేడు. దాన్ని నమ్ముకుని ఉద్యోగానికి రాజీనామా రాయకండి.

చేరితే సంక్రాంతి వెళ్ళగానే చేరండి. ఫిబ్రవరి నుంచి మే దాకా రకరకాల మోటర్లు చేతికిందకు వస్తాయి, ఉస్తాద్‌కు మనుషులు కావాలి, కొత్తవాడికైనా తీగ అందిస్తాడు. జూలైలో చేరితే చాయ్ తెచ్చే పనే దొరుకుతుంది.