ఔషధ కళాశాలా ప్రవేశపరీక్ష: భాగముల మార్కులును మొత్తపు ఫలితమును

“జీవశాస్త్రము నాకు బాగుగా వచ్చును, భౌతికశాస్త్రము రాదు. అయినను సగము మార్కులు జీవశాస్త్రమునకే గదా!” అని ఔషధశాస్త్రము చదువగోరు విద్యార్థులు పలువురు ధైర్యము చెప్పుకొనుచుందురు. ఈ తలంపు ఎంతవరకు నిజమో లెక్క వేసి చూతము.

బి. ఫార్మసీలో చేరుటకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఈఏపీసెట్ అను ప్రవేశపరీక్ష గలదు. 2024వ సంవత్సరపు పరీక్షను దృష్టాంతముగా గైకొందము. జీవశాస్త్రముతో వ్రాయువారికి ప్రశ్నలు 160. కాలము 3 గంటలు. అందు వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము ఒక్కొక్కటికి 40 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకును ఒకటే మార్కు. తప్పునకు కోత లేదు. ఏ భాగమునకును వేఱుగా కనీసపు మార్కులు విధింపబడలేదు. కావున ఒక భాగములోని లోటును మఱియొక భాగము పూడ్చవచ్చును. ఇంతవరకు మన విద్యార్థి మాట సరియే.

ఇక నతనికి 100 మార్కులు కావలెననుకొందము. భౌతికశాస్త్రమును బొత్తిగా విడిచిపెట్టినచో, తక్కిన 120 ప్రశ్నలలో 100 ఒప్పు కావలెను. అనగా ప్రతి ఆఱింటిలో ఐదు. ప్రశ్న చదువకయే నాలుగు సమాధానములలో నొకదానిని గుర్తించుచు పోయినచో, సగటున 10 మార్కులు రావచ్చును. అప్పుడు 120లో 90 కావలెను. అనగా నాలుగింట మూడు. అట్లు గాక, శ్రమించి భౌతికశాస్త్రములో సగము నేర్చి 20 మార్కులు తెచ్చుకొన్నచో, 120లో 80 చాలును. అనగా మూడింట రెండు. భారమెంత తగ్గినదో చూడుడు!

మఱియొక సంగతి. 80లో 70 తెచ్చుకొనువాడు 75 తెచ్చుకొనుట కష్టము. ఏలయన మిగిలినవి కఠినమైన ప్రశ్నలే. 40లో 8 తెచ్చుకొనువాడు 16 తెచ్చుకొనుట అంత కష్టము గాదు. మొదటి పాఠములే వానికి మిగిలియున్నవి. మార్కు మాత్రము రెండు చోట్లను ఒకటే విలువ గలది.

2024లో తెలంగాణలో ర్యాంకునకు ప్రవేశపరీక్ష మార్కులే ఆధారము. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 75 పాళ్లు ప్రవేశపరీక్షకును, 25 పాళ్లు ఇంటర్మీడియెట్ మార్కులకును ఇయ్యబడినవి. అచ్చట ఒక శాస్త్రమును విడిచినవాడు రెండు తావుల నష్టపడును.

అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. మొత్తపు మార్కు లోటును దాచగలదు గాని తీర్పజాలదు. కళాశాలలో ద్రవముల స్నిగ్ధత, తలతన్యత మున్నగు భౌతికశాస్త్ర విషయములే మందుల తయారీలో మరల నెదురగును. రసాయనశాస్త్రము అడుగడుగునను కావలసియుండును. మందు కలుపు చేతికి లెక్క తప్పరాదు. ఆ తప్పును రోగి భరింపవలసివచ్చును.

తలిదండ్రులారా, “మావానికి ఆ శాస్త్రము రాదు” అని వాని యెదుట ననకుడు. విద్యార్థులారా, మీరు భయపడు పుస్తకమును దినమునకు అరగంట ముందుగా తెఱవుడు. ప్రీతిగల పుస్తకము ఎటులైనను మీచేత చదివించుకొనును.