లినక్స్‌లో సౌండ్ కార్డు పలకకపోతే...

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశారు. తెర వెలిగింది, ఇంటర్నెట్ వచ్చింది. పాట పెడితే మాత్రం నిశ్శబ్దం. చాలామందికి ఇది చిన్న చికాకే. కానీ ఓర్కా వంటి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడే చూపులేనివారికి, శబ్దం లేని కంప్యూటర్ ఉన్నా లేనట్టే. ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగును కూడా చదువుతుంది. ఆ గొంతు బయటికి రావాలంటే ముందు సౌండ్ కార్డు పనిచేయాలి.

డ్రైవర్ చేసే పని

సీడీ నాణ్యతలో ఒక సెకను శబ్దం అంటే ఒక్కో ఛానల్‌కు 44,100 సంఖ్యలు. వాటిని విద్యుత్ తరంగంగా మార్చేది సౌండ్ కార్డు. ఏ వేగంతో, ఏ దారిలో పంపాలో కార్డుకు చెప్పే ప్రోగ్రామే డ్రైవర్. లినక్స్‌లో ఈ డ్రైవర్లన్నీ ‘అల్సా’ అనే వ్యవస్థలో భాగం. గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే ఒక్క కార్డు డ్రైవర్ ఆధారంగా, యారోస్లావ్ కిసెలా నాయకత్వంలో 1998లో ఇది మొదలైంది. 2002లో లినక్స్ కెర్నల్‌లో చేరింది.

లోపం ఎక్కడుంది?

ప్రతి పీసీఐ పరికరానికీ తయారీదారు సంఖ్య, పరికర సంఖ్య ఉంటాయి. ఇంటెల్ సంఖ్య 8086. ఈ సంఖ్యలను చూసే కెర్నల్ తగిన డ్రైవర్‌ను ఎంచుకుంటుంది. టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌పీసీఐ’ కమాండ్‌ను ‘ఎన్ఎన్‌కే’ ఆప్షన్‌తో ఇస్తే ఈ సంఖ్యలూ, వాడుకలో ఉన్న డ్రైవర్ పేరూ కనిపిస్తాయి.

1. జాబితాలో కార్డే లేకపోతే, బయోస్‌లో ఆడియో ఆపేసి ఉందేమో చూడాలి.

2. కార్డు ఉండి డ్రైవర్ లేకపోతే, కొత్త కెర్నల్ వేసి చూడాలి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లకు ఫర్మ్‌వేర్ ఫైలు కూడా కావాలి. అది దొరక్కపోతే ‘డీమెసేజ్’ కమాండ్ చూపే సందేశాల్లో ఆ విషయం ఉంటుంది.

3. డ్రైవర్ ఉన్నా శబ్దం రాకపోతే, ‘అల్సామిక్సర్’ తెరవాలి. ఛానల్ కింద రెండు ‘ఎం’లు కనిపిస్తే అది మ్యూట్‌లో ఉన్నట్టు. ‘ఎం’ మీట నొక్కితే తెరుచుకుంటుంది.

ఒకే చిప్, వేర్వేరు వైరింగ్

ఇవన్నీ సరిగా ఉన్నా పలకకపోవడానికి అసలు కారణం చాలాసార్లు వైరింగే. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో ప్రమాణం ప్రకారం ఒకే చిప్‌ను ఎన్నో మోడళ్లలో వాడవచ్చు. ఏ పిన్‌కు స్పీకర్ కలపాలి, దేనికి హెడ్‌ఫోన్ కలపాలి అన్నది కంప్యూటర్ తయారీదారు ఇష్టం. ఆ వివరాలు బయోస్ ఇచ్చే పట్టికలో ఉంటాయి. పట్టిక తప్పయితే, డ్రైవర్ లేని సాకెట్‌కు శబ్దం పంపుతూ ఉంటుంది.

‘హెచ్‌డీఏజాక్‌రీటాస్క్’ అనే సాధనంతో ఈ పిన్నులను తిరిగి కేటాయించవచ్చు. శబ్దం తగ్గించి, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి పరీక్షించాలి. ఈలోగా అవసరం గడవాలంటే యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ మేలు. ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే ఇలాంటి పరికరాలన్నిటికీ ఒకే డ్రైవర్ సరిపోతుంది.

పిన్నుల అమరిక కుదిరిందా? ఆ వివరాలను అల్సా డెవలపర్లకు పంపండి. తప్పు పట్టికలున్న మోడళ్ల కోసం కెర్నల్‌లో ప్రత్యేకంగా ఒక సవరణల జాబితా ఉంది. మీ మోడల్ అందులో చేరితే, రేపు అదే ల్యాప్‌టాప్ తెరిచిన మరొకరికి మొదటి నిమిషం నుంచే శబ్దం వినిపిస్తుంది.