ఖుర్బానీ తోలు: ఒక చరిత్ర, ఒక అమానత్

బక్రీద్ నాడు ఖుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేస్తాం. ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు. ఆ తర్వాత ఇంకొకటి మిగులుతుంది. అది తోలు. దాని గురించి మనం పెద్దగా ఆలోచించం. సొసైటీ వాళ్లు వస్తే ఇచ్చేస్తాం, రాకపోతే గోడ పక్కన పడేస్తాం. ఆ తోలు వెనుక ఉన్న చరిత్ర తెలిస్తే, పడేయడానికి చేతులు రావు.

రేకు డబ్బాలు, ప్లాస్టిక్ రాకముందు నీళ్లకు, నూనెకు, నెయ్యికి, ప్రయాణపు సామానుకు తోలు సంచే ఆధారం. ఎడారి జీవితమంతా దాని మీదే నడిచింది. పశువుల చర్మాలతో తేలికైన గుడారాలు ఏర్పరచుకునే వీలును అల్లాహ్ తన అనుగ్రహాల్లో ఒకటిగా సూరా నహ్ల్ 80వ ఆయత్‌లో గుర్తు చేశాడు. హజ్రత్ ఫాతిమా (రజి) పెళ్లికి తండ్రి ఇచ్చిన సామానులో నార కూరిన తోలు దిండు, నీళ్ల తిత్తి, తిరగలి ఉన్నాయి. ప్రవక్త (స) సతీమణి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) స్వయంగా తోళ్లు పదును చేసి, కుట్టి, వచ్చిన దానిని దానం చేసేవారు. తోలు పని చేసిన ఆ చేతులే దానంలో అందరికంటే పొడవైన చేతులు అనిపించుకున్నాయి.

మరొక హదీసు మనలాంటి దాతలకు సూటిగా తగులుతుంది. హజ్రత్ మైమూనా (రజి) విడుదల చేసిన ఒక బానిస స్త్రీకి ఎవరో సదఖాగా గొర్రెను ఇచ్చారు. అది చచ్చిపోయింది. అటుగా వెళ్తున్న ప్రవక్త (స), దాని తోలు తీసి పదును చేసి వాడుకోవచ్చు కదా అని అడిగారు. అది చచ్చిన జంతువు కదా అని జవాబు వచ్చింది. తినడం మాత్రమే నిషిద్ధమని ఆయన వివరించారు. పేదరాలికి అందిన దానంలో పనికొచ్చే భాగం ఏదీ వృథా కాకూడదన్నది ఇందులోని పాఠం.

ముస్లింలు ఎక్కడికి వెళ్లినా ఈ విద్య వెంట వెళ్లింది. స్పెయిన్‌లోని కార్డోబా తోలుకు ఎంత పేరొచ్చిందంటే, ఇంగ్లీషులో చెప్పులు కుట్టేవాడికి ‘కార్డ్‌వైనర్’ అనే మాట ఆ ఊరి పేరు నుంచే పుట్టింది. మొరాకోలోని ఫెజ్ నగరంలో రాతి తొట్లలో తోళ్లను నానబెట్టి, రంగులద్దే పని నేటికీ సాగుతోంది. ఖుర్ఆన్ ప్రతులకు వేసిన తోలు అట్టలు ప్రపంచ మ్యూజియంలలో ఉన్నాయి.

మన దేశంలో తోలు సంచిని అందరికీ పరిచయం చేసినవాడు భిష్తీ. మేక తోలును కోయకుండా సంచిలా తీసి కుట్టిన మష్క్‌లో నీళ్లు నింపి, భుజాన మోసేవాడు. బిహిష్త్ అంటే స్వర్గం. దాహం తీర్చేవాడిని జనం స్వర్గవాసి అని పిలుచుకున్నారు. 1539లో చౌసా యుద్ధంలో ఓడి గంగలో మునిగిపోతున్న హుమాయూన్‌ను గాలి నింపిన మష్క్ సాయంతో ఒడ్డుకు చేర్చింది ఒక భిష్తీయే. ఇచ్చిన మాట ప్రకారం చక్రవర్తి అతన్ని సింహాసనం మీద కూర్చోబెట్టాడని హుమాయూన్ చెల్లెలు గుల్బదన్ బేగం రాసింది.

తెలుగు నేలకు వస్తే, మోట బావుల్లో నీళ్లు తోడింది తోలు తిత్తే. దాన్ని కుట్టింది మాదిగ సోదరులు. ఆ నీళ్లతో పండిన అన్నం ఊరంతా తిన్నది, కుట్టిన చేతిని మాత్రం దూరం పెట్టింది. హజ్రత్ జైనబ్ (రజి) చేసిన పనిని నీచమని తలచే హక్కు మనకు లేదు. తోలు పదును చేయడానికి వాడింది మన బీళ్లలో పసుపు పూలు పూసే తంగేడు చెట్టు బెరడు, దానితో పాటు కరక్కాయ. ఇలా పదును చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి లండన్ దాకా వెళ్లేవి.

ఆ వ్యాపారంలో ఎదిగిన వాణియంబాడి, ఆంబూరు, మేల్విషారం ముస్లిం వర్తకులు లాభాలను తమ పెట్టెల్లోనే దాచుకోలేదు. 1919లో వాణియంబాడిలో ఇస్లామియా కాలేజీ వెలిసింది. మేల్విషారానికి చెందిన తోళ్ల వర్తకుడు సి. అబ్దుల్ హకీం సాహెబ్ మద్రాసు సెంట్రల్ స్టేషను దగ్గర ప్రయాణికుల కోసం సిద్దిఖ్ సరాయి కట్టించారు. 1965లో మేల్విషారంలో ఆయన పేరిట కాలేజీ వచ్చింది. అంటే తోలు బడిగా, సత్రంగా మారిన చరిత్ర మనకు పొరుగునే ఉంది.

ఇప్పుడు మన సంగతి. కొన్నేళ్లుగా తోలు ధర బాగా పడిపోయింది. ‘దీనికి ఏమొస్తుందిలే’ అన్న మాట ప్రతి బక్రీద్‌కూ వినిపిస్తోంది. కానీ ధర తగ్గినంత మాత్రాన బాధ్యత తగ్గదు. హజ్ సమయంలో బలి ఇచ్చిన ఒంటెల మాంసాన్ని, తోళ్లను, వాటి మీద కప్పిన బట్టలను కూడా పంచేయమని, కోసినవాడికి అందులోంచి కూలి ఇవ్వవద్దని ప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)కి చెప్పారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం తోలును ముసల్లాగానో సంచిగానో ఇంట్లో వాడుకోవచ్చు, ఎవరికైనా కానుకగా ఇవ్వొచ్చు. అమ్మితే మాత్రం ఆ డబ్బు జకాత్‌కు అర్హులైన పేదలదే. దాన్ని కట్టడాలకు, జీతాలకు వాడకూడదు. కాబట్టి తోళ్లు సేకరించే ప్రతి సొసైటీ ఈ సొమ్ముకు వేరే ఖాతా పుస్తకం ఉంచాలి. దాతలు ఆ లెక్క అడగాలి. అలా అడగడం అనుమానం కాదు, అమానత్‌ను కాపాడడం.

తోలు విలువ నిలబెట్టడం కూడా మన చేతుల్లోనే ఉంది. ఒలిచేటప్పుడు కత్తిగాటు పడితే ధర తగ్గిపోతుంది. అందుకే ఓపికగా, వీలైనచోట పిడికిలితో తోసి ఒలవమని చెప్పాలి. నెత్తురు కడిగి, మాంసం వైపు పైకి ఉండేలా నీడలో పరచాలి. తోలు బరువులో మూడో వంతు ఉప్పును మూడు నాలుగు గంటల్లోపే అంచుల దాకా రుద్దాలి. ప్లాస్టిక్ కవరులో మూట కడితే సాయంత్రానికి కుళ్లి, ఎవరికీ పనికిరాదు.

కిలో రెండు కిలోల ఉప్పు, పది నిమిషాల ఓపిక. ఈ మాత్రం శ్రద్ధ పెడితే మన ఇంటి తోలు ఒక అనాథ పిల్లవాడి పుస్తకాల సంచిలో రెండు నోటు పుస్తకాలు అవుతుంది. ఖుర్బానీలో అల్లాహ్‌కు చేరేది మాంసమూ నెత్తురూ కాదు, మన భయభక్తులే అని మనకు తెలుసు. ఆ భయభక్తులు తోలు దగ్గర కూడా కనబడాలి. అల్లాహ్ మన ఖుర్బానీలను, దానాలను స్వీకరించుగాక. ఆమీన్.